ఆటు వేళ

మా వాడలో ఆఫ్ సైడ్ లేదు.
లెగ్ సైడూ లేదు.
నీళ్ళలో కర్రల మీద నిలబడ్డ ఇళ్ళు,
ఇళ్ళ మధ్య పలకల బాట,
బాటకి అటూ ఇటూ సముద్రం.
బంతి నీళ్ళలో పడితే అవుట్.
కొట్టినవాడే దూకి తేవాలి.
అందుకే మా పిల్లలు తిన్నగా కొడతారు
దారం పట్టి గీసినట్టు.

పోర్ట్ మోర్స్‌బీ పెద్ద మైదానంలో
హితోలోని మొదటిసారి దింపినప్పుడు
ఆఫ్ స్టంప్ బయట పొట్టి బంతి,
ఒలిచి చేతిలో పెట్టినట్టు వచ్చింది.
చూస్తూ వదిలేశాడు.
ఓవరంతా అంతే.
ఏంట్రా అంటే
"అటు నీళ్ళు కదా, కొనియో అత్తా" అని
నాలుక కరుచుకున్నాడు.
నేను నవ్వలేదు.
పదమూడేళ్ళుగా వాడికి కోచ్ ఆ నీళ్ళే.

నాకూ కోచ్ అని ఒక కాగితం ఉంది,
నా పేరులో ఒక అక్షరం తప్పుతో.
పొద్దున చేపల బజారులో ఐసు పగలగొడతాను.
సాయంత్రం పద్నాలుగు తలలకి ఒక హెల్మెట్,
లోపలి చెమట ఎవరిదో ఎవరూ అడగరు.
ప్యాడ్లు రెండూ ఎడమకాలివే.

ఏప్రిల్‌లో ఒకాయన వచ్చాడు, మూడు రోజులకి.
నారింజ రంగు శంకువులు, మెడలో ఈల,
తడిసినా చిరగని కాగితాలు.
మంచివాడే. మోకాళ్ళ మీద కూర్చుని
చిన్నవాళ్ళ లేసులు కట్టాడు.
గెవా బంతి వేస్తుంటే చూసి తల అడ్డంగా ఊపాడు.
చెయ్యి పక్కనించి వస్తోంది, పైనించి రావాలి,
లేకపోతే పాతికేళ్ళకే నడుం పోతుందన్నాడు.
ఆయన ఇంగ్లీషుని మా మోటు భాషలోకి తెచ్చింది నేనే.
"చెయ్యి చెవిని రాసుకుంటూ రావాలే, గెవా"
అన్నాను,
నాకు నమ్మకం లేని మాటని
ఆ పిల్ల నమ్మే గొంతుతో.

ఆ చెయ్యి ఎక్కడిదో ఆయనకి చెప్పాల్సింది.
వాళ్ళ అమ్మమ్మ పడవలోంచి వల విసిరే చెయ్యి అది.
పలకల బాట మీద పరుగుకి చోటు నాలుగడుగులే,
ఐదో అడుగు పక్కింటి గుమ్మంలో పడుతుంది.
ఆ నాలుగింటిలోనే నడుం మెలిపెట్టి వదిలితే
బంతి కాలివేళ్ళని వెతుక్కుంటూ పోయేది.

మూడు రోజులు. ఒక ఫోటో. విమానం.
కొత్త చెయ్యి రాలేదు, పాత చెయ్యి పోయింది.
ఒక బంతి నెత్తి మీదుగా,
ఒకటి తన కాళ్ళ దగ్గరే.
ఉత్తరం రాశాను.
వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూస్తామన్నారు.

ఆయన్ని తిట్టుకోవడం తేలిక.
తిట్టాను కూడా, ఐసు మీద సుత్తి వేసినప్పుడల్లా.
కానీ నా నడుం ఇరవై మూడుకే పోయింది,
నాదీ అదే చెయ్యి.
ఆయన చెప్పింది తప్పని
నేనెలా చెప్పను? ఒప్పని ఎలా చెప్పను?
తెలిసిన మనిషి నాలుగోరోజు ఉంటే అడిగేదాన్ని.

నెలలో ఏ రెండు రోజులో
సముద్రం బాగా వెనక్కి పోతుంది.
ఇళ్ళ కింద బురద తేలుతుంది,
సీసాలు, తెగిన వలలు, ఎవరిదో ఒక చెప్పు.
నిన్న ఆటు వేళ
పిల్లలందర్నీ నిచ్చెన దింపాను.
"హితోలో, ఇవాళ అటు నీళ్ళు లేవు."

ఇరవై బంతులు గాలికి కోశాడు.
నవ్వారు. వాడూ నవ్వాడు.
ఇరవై ఒకటో బంతి బ్యాటు నడుమ తగిలి
దూరంగా పోయి బురదలో దిగబడింది.
తేవడానికి గెవా వెళ్ళింది.
మోచేతి దాకా దేవి, బంతి తీసి,
నిలబడ్డ చోటినించే విసిరింది,
పక్కనించి, చూడకుండా, వల వేసినట్టు.
స్టంపులకని పెట్టిన సోడా పెట్టె
బోర్లా పడింది.

తన చేతిని తనే చూసుకుంది.
తర్వాత నా వైపు చూసింది.
నేనేమీ అనలేదు.
ఈసారి కావాలనే అనలేదు.

అప్పటికి చీలమండల దాకా నీళ్ళు వచ్చేశాయి.
ఇంకో రెండు బంతులు, అత్తా, అంటున్నారు.